కుడిపక్క ముడి

పాత చీర చేతికి రాగానే హుచ్చమ్మ ముందు వాసన చూస్తుంది. తరువాత ఎండకు అడ్డంగా పట్టుకుని ఎక్కడ పలచబడిందో చూస్తుంది. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: "ఇది ఎవరిది?" దానికి జవాబు రాకపోతే ఆమె సూదిలో దారం ఎక్కించదు.

రాయచూరులో, తీన్ కందిల్ కూడలి వెనక సందుల్లో ఒకదానిలో, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె కౌదులు కుడుతోంది. కౌది అంటే పాత బట్టల ముక్కలను పొరలు పొరలుగా పేర్చి చేత్తో కుట్టే బొంత. ఎవరి బట్ట ఏదో తెలియకపోతే ఆమెకు పని నడవదు. ఇంట్లో పెద్దవాళ్ళ బట్ట నడుమకు రావాలి, పిల్లలవి అంచులకు రావాలి. కుట్టంతా అయ్యాక ఒక మూల తెరిచి ఉంచుతుంది. నడుమ ఎవరి బట్ట ఉందో ఆ మనిషి తన చేత్తో నాలుగు బియ్యపు గింజలు, చిన్న పసుపుకొమ్ము ముక్క ఆ మూలలో పెట్టి, తానే కుట్టి మూయాలి. దీన్ని కడుపు నింపడం అంటారు. ఆ తరువాత కౌది మళ్ళీ హుచ్చమ్మ దగ్గరికి వస్తే చుట్టూ అంచు వేసి ఇస్తుంది. కడుపు నిండని కౌది కప్పుకుంటే నిద్ర పట్టదని ఆమె అత్త చెప్పేది. నిద్ర సంగతి ఏమోగాని, ఆ ఒక్క మూల కుట్టు చూస్తే మనిషి ఎట్లాంటిదో తెలుస్తుందని హుచ్చమ్మ నమ్మకం.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. అరకేర నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, అత్త ఊరికి పోయిన రోజు చూసి, అత్త కుట్టిన కౌదిని మొత్తం విప్పేసింది, లోపల ఎట్లా ఉందో చూడాలని. అత్త తిరిగి వచ్చేసరికి నట్టింట్లో పేలికల కుప్ప ఉంది. తిట్లు తిన్నది. ఆ కుప్పను మళ్ళీ కౌదిగా చేయడానికి నెలా పది రోజులు పట్టింది. ఆ నలభై రోజులే ఆమె చదువు. తరువాత తన దగ్గర నేర్చుకుంటామని వచ్చిన వాళ్ళకు కూడా ఆమె చెప్పే పాఠం అదొక్కటే: "విప్పు. మళ్ళ కుట్టు." చాలామంది ఆ మాటకే పారిపోయారు.

పారిపోనిది సౌభాగ్యలక్ష్మి ఒక్కతే. రెండు సందుల అవతల జొన్నలూ పప్పులూ అమ్మే సావుకార్ల ఇంటి మనిషి. హుచ్చమ్మ కంటే ఆరేళ్ళు పెద్దది. కొడుకు పుట్టినప్పుడు కౌది కుట్టించుకోవడానికి వచ్చి, చూస్తూ చూస్తూ తానూ సూది పట్టింది. ఆమెది ఎడమచేతివాటం. అందరూ కుడి నుంచి ఎడమకు కుడితే ఆమె ఎడమ నుంచి కుడికి కుట్టేది. అందుకని ఆమె కుట్టిన వరసలో దారం ముడి ఎప్పుడూ ఎడమ పక్కన ఉంటుంది. హుచ్చమ్మ దాన్ని మార్చాలని చూడలేదు. వరస తిన్నగా ఉంటే చాలు.

పని లేని మధ్యాహ్నాలు ఇద్దరూ హుచ్చమ్మ అరుగు మీద చౌకాబార ఆడేవాళ్ళు. గవ్వలు కూడా సౌభాగ్యమ్మ ఎడమ చేత్తోనే వేసేది. మూడు పడితే నాలుగని కాయ జరిపేది. హుచ్చమ్మ చూసి కూడా రెండుసార్లు ఊరుకుని మూడోసారి పట్టుకునేది. ఆ పట్టుకోవడంలోనే సగం సంతోషం ఉండేది.

కరోనా రెండో ఏడు వేసవిలో ఆ ఆట ఆగిపోయింది. ఉదయం ఆరు నుంచి పది దాకా సరుకులకు పోవచ్చు, పది దాటితే లాఠీ. హుచ్చమ్మ కొడుకు వీరేశ్ చిక్కసూగూరు దాకా తిప్పే ఆటో, గోనెపట్టా కప్పుకుని గుమ్మం ముందు నిలబడింది. సందులో ఎవరు దగ్గినా పక్కిళ్ళ కిటికీలు మూసుకునేవి. ఘాటుకు దగ్గు వస్తే ఎవరేమనుకుంటారోనని ఆ నెలంతా సందులో ఎవరూ ఎండుమిరపకాయలు గట్టిగా వేయించలేదు.

ఇంట్లో ముగ్గురే. పనిలేని వీరేశ్ వంటింట్లో దూరి మరమరాలతో వగ్గాణి చేయడం నేర్చుకున్నాడు. మొదటి రోజు మండక్కిని నీళ్ళలో వేసి ఫోను చూస్తూ మరిచిపోతే అంబలి అయింది. నాలుగో రోజుకు పొడిపొడిగా దిగింది. ఇప్పుడు సాయంత్రం కావడం ఆలస్యం, ముగ్గురూ మిద్దె మీద నీళ్ళు చల్లుకుని, బండలు చల్లబడ్డాక కూర్చుని, వగ్గాణి తిని చాయ్ తాగేవారు. కోడలు నేత్ర చౌకాబార గళ్ళు గీసి అత్తను ఆడమని కూర్చోబెట్టేది.

"నీతో ఆడితే మజా లేదే," అంది హుచ్చమ్మ ఒక సాయంత్రం.

"ఎందుకత్తమ్మా? గెలుస్తున్నవ్ గదా?"

"నువ్వు మోసం చెయ్యవు. నేనెవరిని పట్టుకోవాలె?"

సౌభాగ్యమ్మతో రోజూ ఫోనులో మాట్లాడేది. ఏప్రిల్ చివరి నుంచి ఆ మాటలూ ఆగిపోయాయి. ఎప్పుడు చేసినా ఆమె కోడలు సంజనే ఎత్తుతుంది. అత్తమ్మ స్నానం చేస్తున్నది అంటుంది, లేదా పండుకున్నది అంటుంది. ఒకరోజు పూజలో ఉన్నది అంది.

"పగలు మూడు గంటలకు పూజేంది?" అని హుచ్చమ్మ ఫోను పెట్టేశాక నేత్రను అడిగింది.

"మంచి దినాలు కావు, ఎక్కువ చేస్తున్నరేమో."

"పొద్దుగాల దీపం పెట్టి పది నిమిషాల్ల లేస్తది ఆమె. నాకు తెల్వదా?"

మే రెండో వారంలో ఒక ఉదయం తొమ్మిదిన్నరకు సౌభాగ్యమ్మ కొడుకు సూర్యప్రకాశ్ స్కూటరు మీద వచ్చాడు. దుప్పటిలో కట్టిన పెద్ద మూటను అరుగు మీద పెట్టి, ఐదారు అడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు. హెల్మెట్ తీయలేదు.

"కౌది కావాలెనమ్మా. జల్ది ఏం లేదు."

"ఎవరియి సూరీ ఇవి?"

"ఇంట్లయే. పాతయి."

"ఇంట్ల ఎవరియి అంటున్న. మీ అమ్మ బాగున్నదా?"

"పది కొడ్తది. తీన్ కందిల్ల పోలీసోళ్ళు ఆపుతున్నరు. పోతనమ్మా."

అతను పోయాక హుచ్చమ్మ చాలాసేపు అరుగు మీదే నిలబడింది. పదికి ఇంకా అరగంట ఉంది. ఇక్కడి నుంచి వాళ్ళింటికి పోవడానికి తీన్ కందిల్ దాటే పనే లేదు.

మూటను ఇంట్లోకి తేవడానికి వీరేశ్ ఒప్పుకోలేదు. "మూడు దినాలు ఎండల పెట్టాలె," అన్నాడు. నేత్ర ఫోనులో ఏదో చూసి ఏడు దినాలంది. చివరికి అయిదుకు కుదిరి, మూటను కర్రతో మోసుకుపోయి మిద్దె మీద ఒక మూల పెట్టారు. హుచ్చమ్మ సాయంత్రాలు వగ్గాణి తింటూ ఆ మూట వైపే చూస్తూ కూర్చునేది.

ఆరో రోజు విప్పింది. పదకొండు చీరలు. మడతలు సరిగ్గా ఉన్నాయి, సబ్బు వాసన తప్ప మరొకటి లేదు. ఒక్కొక్కటే ఎండకు పట్టి చూసింది. పదకొండింటికీ ఎడమ తుంటి దగ్గరే, తాళంచెవుల గుత్తి దోపుకునే చోట, అరుగుదల. పదకొండూ ఒకే మనిషివి.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఇంటి నుంచి వచ్చే మూటలో చొక్కాలు ఉంటాయి, లుంగీలు ఉంటాయి, పిల్లల గౌన్లు ఉంటాయి. ఒకే మనిషి బట్టలు మూటగట్టి కౌదికి పంపే సందర్భం ఆమె ముప్పై ఎనిమిదేళ్ళలో ఒకటే చూసింది. ఆ మనిషి పోయాక, ఆ బట్టలు ఇంట్లో కళ్ళకు కనబడకూడదనుకున్నప్పుడు.

అన్నిటికంటే అడుగున ముదురు ఎరుపు ఇల్కల్ చీర ఉంది. ఒక దీపావళికి టపాకాయ పడి కాలిన చోట హుచ్చమ్మే అతుకు వేసింది. ఆ రోజు సౌభాగ్యమ్మ నవ్వుతూ అన్న మాట ఆమెకు గుర్తుంది: "నేను బతికుండంగ ఇది నీ కత్తెరకు దొరకదే హుచ్చీ."

"చచ్చిపోయింది," అంది హుచ్చమ్మ.

నేత్ర ఉలిక్కిపడింది. "అట్లనకు అత్తమ్మా. చచ్చిపోతే చెప్పరా?"

"చెప్తే ఇంటికి తడికెలు కడ్తరు, దుకాణం బంద్ చేపిస్తరు. మస్తు ఇండ్లల్ల చెప్తలేరు. నువ్వే గదా ఫోన్ల చూసి చెప్తవు."

మరునాడు పప్పు కొనే సాకుతో వీరేశ్‌ను వాళ్ళ దుకాణానికి పంపింది. అతను తిరిగి వచ్చి సంచి కింద పెట్టకముందే అడిగింది:

"సూరి గుండు చేయించుకున్నడా?"

"కనపడలే అవ్వా. తలకు తువ్వాల చుట్టుకున్నడు."

"దుకాణం లోపల, నీడల, తువ్వాల ఎందుకు?"

"ఉక్క పోస్తున్నది. నేను గూడ చుట్టుకున్న."

"మంగలి షాపులన్ని బందున్నయి గదత్తమ్మా, గుండు ఎవరు చేస్తరు?" అంది నేత్ర.

"ఇంట్ల బ్లేడు లేదా?"

"పోలీసుల నౌకరీ దొరికేది నీకు," అని వీరేశ్ నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆపేశాడు.

ముప్పై ఏళ్ళు దాటిన స్నేహం. మనిషి ఉందో లేదో ఎవరూ చెప్పరు. తలుపు కొట్టి అడుగుదామంటే, ఉన్న మనిషిని పోయిందా అని అడిగినట్టవుతుంది. పోయి ఉంటే వాళ్ళు దాచుకున్నదాన్ని సందులో అరిచినట్టవుతుంది. హుచ్చమ్మకు మాటలతో తేల్చుకోవడం ఎప్పుడూ చేతకాలేదు. ఆమె కత్తెర తీసింది.

అన్ని చీరలూ కత్తిరించింది. ఇల్కల్ చీరను మాత్రం ముక్కలు చేయకుండా, అతుకుతో సహా, నడుమ పలకగా మడిచి పెట్టింది. పొరలు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, దారానికి మైనం రాసి, ఎడమ చూపుడువేలికి ఇత్తడి తొడుగు వేసుకుని కూర్చుంది. పైచేయి సూదిని గుచ్చితే కిందిచేయి దాన్ని అందుకోవాలి. తొడుగు లేకపోతే ఆ వేలి కొస జల్లెడ అవుతుంది. ఎప్పుడూ నెల పట్టే పని పదహారు రోజుల్లో అయింది. ఇంట్లో ఎవరూ ఆమెను తొందరపడొద్దని అనలేదు.

మూల ఒకటి తెరిచి ఉంచి, కౌదిని వీరేశ్‌తో వాళ్ళ దుకాణానికి పంపి, సంజనకు ఫోను చేయించింది.

"నడుమల మీ అత్త చీరె పెట్టిన. మూల ఆమెనే నింపాలె, ఆమెనే కుట్టాలె. వేరేవాళ్ళ చెయ్యి తగలొద్దు."

అవతల ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతున్నట్టు అనిపించింది.

"సరేనమ్మా," అంది సంజన. "అత్తమ్మనే కుడ్తరు."

"ఆమెకియ్యి ఫోను."

"ఇప్పుడే పండుకున్నరమ్మా."

కౌది మూడు రోజులకు తిరిగి వచ్చింది. సూర్యప్రకాశ్ ఈసారి అరుగు మీద పెట్టి గంట కొట్టి, ఆమె బయటికి వచ్చేలోపు స్కూటరు తిప్పేశాడు. ఎండలో ఆరబెట్టే ఓపిక హుచ్చమ్మకు లేకపోయింది. నేత్ర వద్దంటున్నా అక్కడే మూల వెతికి పట్టుకుంది.

పసుపుకొమ్ము వేలికి తగిలింది. బియ్యం తగిలింది. కుట్టు మాత్రం ఒకటి బారెడు, ఒకటి నువ్వుగింజంత. వరస వాగులా వంకర తిరిగి ఉంది. అయిదు కుట్లు వేయాల్సిన చోట మూడు, ఒకటి వేయాల్సిన చోట నాలుగు. ఎన్నడూ సూది పట్టని చేయి. ఆమె వరస మొదలు కోసం చూసింది.

ముడి కుడి పక్కన ఉంది.

ఆ సాయంత్రం వీరేశ్ చేసిన వగ్గాణి ఆమె తినలేదు. మిద్దె మీద గీసిన చౌకాబార గళ్ళను చెంగుతో తుడిచేసింది. నేత్ర పక్కన కూర్చుంది గాని, ఈసారి కాదని వాదించలేదు.

తెల్లవారి ఎనిమిదింటికి హుచ్చమ్మ కౌదిని భుజాన వేసుకుని, ముక్కు మీదుగా చెంగు బిగించి బయలుదేరింది. వీరేశ్ అడ్డం వచ్చాడు.

"అవ్వా, ఆ ఇంట్ల ఏమున్నదో తెల్వది. వద్దు."

"లోపలికి పోను. బయట నిలబడి అడుగుతా. జరుగు."

సావుకార్ల ఇంటి తలుపు మూసి ఉంది. వీధి కిటికీ ఒక రెక్క తెరిచి ఉంది. కడ్డీల మీద వేళ్ళతో కొట్టింది. సంజన వచ్చి, ఆమెను చూసి, గబుక్కున మాస్కు పెట్టుకుంది.

"ముడి కుడి పక్కన ఉన్నది," అంది హుచ్చమ్మ.

"ఏందమ్మా?"

"ఇది మీ అత్త కుట్టు కాదు. నువ్వు కుట్టినవు. అబద్ధాలు చాలు సంజనా. ఎవరికి చెప్పను, దుకాణం మూపియ్యను. ఏ దినం పోయింది, అదొక్కటి చెప్పు. ఏడ్చేదానికి నాకు గూడ ఒక దినం కావాలె గదా."

సంజన వెనక్కి తిరిగి చూసింది. వెనక గదిలో ఏదో కదిలిన చప్పుడయింది. కుర్చీ కాళ్ళు బండల మీద గీసుకున్నాయి. తరువాత ఒక గొంతు, నాలుక మందమై, ఒక్కో అక్షరం ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఏ...య్... హుచ్చీ. నేను... చస్తే... నీకు చెప్పకుండ... చస్తనా?"

హుచ్చమ్మ కిటికీ కడ్డీ పట్టుకుంది. లోపల చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక, కుర్చీలో పువ్వుల నైటీ వేసుకున్న మనిషి కనబడింది. ముఖం ఎడమ సగం కిందికి జారి ఉంది. ఎడమ చేయి ఒళ్ళో, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంది.

సంజన అప్పుడు చెప్పింది. ఏప్రిల్ చివర ఒక ఉదయం ఎడమ పక్క మొత్తం పడిపోయింది. ఆసుపత్రుల్లో పడకలు లేవు. తెలిసిన డాక్టరు ఇంటికి వచ్చి మందులిచ్చాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"అత్తమ్మనే వద్దన్నరు. చెప్తే మీరు ఆగరు, వస్తరు, ఈ దినాలల్ల మీకేమన్న అయితదని. ఫోన్ల మాట వంకరగ వస్తది, అది మీకు వినపడొద్దన్నరు. చీరె కట్టియ్యనీకి ఇద్దరం కావాలె, అందుకే నైటీలు. 'బీరువల పెట్టి ఏం జేస్తరు, హుచ్చికియ్యుండ్రి' అని పదకొండు చీరెలు తనే ఏరిచ్చిన్రు."

"సూరికి నోరు లేదా?"

"మీ ముంగట అబద్ధమాడనీకి రాదని ఉరుకుతడమ్మా."

"తలకు తువ్వాల ఎందుకు?"

సంజన తల దించుకుంది. "మంగలి షాపులు లేవని నేనే కత్తిరించిన. మంచిగ రాలే."

లోపలి నుంచి గొరగొరమని చప్పుడు వచ్చింది. సౌభాగ్యమ్మ నవ్వుతోందని తెలియడానికి హుచ్చమ్మకు క్షణం పట్టింది.

"మూల... నేనే కుట్టిన," అంది సౌభాగ్యమ్మ. కుడి చేయి పైకెత్తి చూపించింది. "దీన్తోని. మూడు... దినాలు పట్టింది."

హుచ్చమ్మ భుజం మీది కౌదిని దించి ఆ మూలను మళ్ళీ చూసింది. వంకర కుట్లు. కుడిపక్క ముడి. ముప్పై ఎనిమిదేళ్ళుగా కుట్టు చూసి మనిషిని చెప్పగలననుకున్నది. హుచ్చమ్మ కళ్ళు తుడుచుకుని కౌదిని కడ్డీల సందులోంచి లోపలికి తోసింది.

"వరస తిన్నగ లేదు. విప్పు. మళ్ళ కుట్టు."

"అమ్మా!" అంది సంజన. "డాక్టరు..."

"డాక్టరు చెయ్యి కదిలించమన్నడా, వద్దన్నడా?"

"కదిలించమన్నడు."

"మరి?"

ఆ రోజు నుంచి హుచ్చమ్మ రోజూ తొమ్మిదింటికి ఆ కిటికీ ముందు నిలబడేది. సౌభాగ్యమ్మ ముందు రోజు కుట్టినదాన్ని సంజన కడ్డీల దగ్గర పట్టుకుని చూపించేది. హుచ్చమ్మ విప్పు అని చెప్పి, పది కొట్టేలోపు ఇంటికి వచ్చేసేది. అంచు వేయకుండా కౌది అట్లాగే ఉంది. ఇంట్లో మిద్దె మీద గళ్ళు మళ్ళీ గీశారు. వీరేశ్ వగ్గాణిలో ఇప్పుడు వేరుశనగలు కూడా వేస్తున్నాడు, అందులో ఒక గిన్నెడు ఆ కిటికీకి పోతోంది.

పదకొండో రోజు వరస తిన్నగా వచ్చింది. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఒకే ఎడం. హుచ్చమ్మ కౌదిని బయటికి లాగి, వెలుతురుకు పట్టి చూసి, సౌభాగ్యమ్మను చూసింది. చౌకాబారలో మూడు పడితే నాలుగు జరిపే మనిషి.

"ఇది సంజన కుట్టింది."

"నేనే," అంది సౌభాగ్యమ్మ.

"సంజనా, చేతులు చూపియ్యి."

సంజన రెండు చేతులూ కడ్డీల ముందు పెట్టింది. హుచ్చమ్మ ఒక్కో వేలి కొసా తిప్పి చూసింది. కొత్తగా సూది పట్టినవాళ్ళకు పొడుపులు ఉంటాయి. ఒక్కటీ లేదు.

"ఇప్పుడు నీయి."

సంజన కుర్చీని కిటికీ దాకా జరిపింది. సౌభాగ్యమ్మ కుడి చేయి చాపింది. హుచ్చమ్మ దాన్ని చూడలేదు. కడ్డీల సందులోంచి చేయి పెట్టి, ఒళ్ళో పడి ఉన్న ఎడమ చేతిని ఎత్తి పట్టుకుంది. కుడి చేత్తో కుట్టేటప్పుడు బట్ట కింద ఉండేది ఆ చేయి. చూపుడువేలి కొస నిండా చిన్న చిన్న ఎర్రటి చుక్కలు. కొన్ని మానాయి, కొన్ని ఆ ఉదయానివి.

"నొస్తలేదా?"

"ఏమీ... తెలుస్తలేదు," అంది సౌభాగ్యమ్మ.

పొద్దున కుట్టు మీద నుంచి లేచి వచ్చిన హుచ్చమ్మ, తన వేలికి ఇంకా ఉన్న ఇత్తడి తొడుగు లాగి, ఆ వేలికి పెట్టి, గట్టిగా నొక్కింది. కౌదిని మడిచి తిరిగి లోపలికి ఇచ్చింది.

"ఈ వరస ఉండనియ్యి," అంది. "రేపటికి ఇంకొకటి కుట్టు. చూస్తా."